తెలుగులో చెప్పమన్న లాయరు

మొన్న సిడ్నీలో పారమటా రైల్వే స్టేషన్లో వానకు తడిసిన ఒక పెద్దావిడ వచ్చి నా పక్కన నిలబడింది. ఆమె ఉన్ని కోటు నుంచి తడి వాసన, అందులో కలిసి కొంచెం కుక్క వాసన. నేను ఎక్కాల్సిన రైలు వచ్చి వెళ్లిపోయింది. ముప్పయ్యేళ్లకు పైగా అయింది, లాయరు మార్గరెట్ ఆఫీసులో తలుపు వెనక వేలాడే కోటుకు అచ్చం ఇదే వాసన ఉండేది. ఆవిడ పోయి కూడా చాలా కాలమైంది. మనకు మేలు చేసినవాళ్లు గుర్తొస్తే కళ్లు చెమరుస్తాయంటారు. మార్గరెట్ గుర్తొస్తే నాకు ముందు చెవులు వేడెక్కుతాయి.

ఎనభయ్యో దశకం చివర మేము గిరావీన్‌లో ఉండేవాళ్లం. మా ఆయన ప్రసాద్ అట్టపెట్టెలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో మేనేజరు. నేను తెనాలిలో మిషన్ బడిలో ఇంగ్లీషు టీచరుగా చేసి, పెళ్లయ్యాక సిడ్నీ వచ్చినదాన్ని. కంపెనీ యజమానికి వయసు మీదపడింది, పిల్లలకు ఆ వ్యాపారం అక్కర్లేదు. "నువ్వే కొనుక్కో ప్రసాద్, నీకంటే దీని సంగతి ఎవరికి తెలుసు?" అన్నాడట. ఆ రోజు ఆయన ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా వంటగదిలోకి వచ్చేశారు. కంపెనీ కొనడమంటే అందులోని వాటాలన్నీ కొనడం. అంత డబ్బు మా దగ్గరెక్కడిది? బ్యాంకు అప్పిస్తానంది. అందుకు కంపెనీ యంత్రాలు, మా ఇల్లు రెండూ తాకట్టు పెట్టమంది. ఇల్లు ఇద్దరి పేరా ఉంది కాబట్టి నేను హామీ సంతకం చేయాలి. చేసేముందు, ఆయన లాయరు కాకుండా వేరే లాయరు నాకు విడిగా సలహా ఇవ్వాలి. చర్చిలో ఎవరో మార్గరెట్ పేరు చెప్పారు.

మార్గరెట్‌కు అప్పటికి అరవై దగ్గరపడి ఉంటాయి. పొట్టి మనిషి, కత్తిరించుకున్న తెల్లజుట్టు. నాకు కుర్చీ చూపించి, ప్రసాద్‌తో, "మీరు బయట కూర్చోవాలి," అంది.

ఆయన నవ్వారు. "మా మధ్య రహస్యాలేమీ లేవు, మేడమ్."

"చాలా సంతోషం. అయినా బయటే కూర్చోండి."

తలుపు మూసుకుంటుంటే ఆయన ముఖం చూశాను. ఎవరో నలుగురిలో లేచి నిలబడమన్నట్టుగా ఉంది. నాకు మార్గరెట్ మీద కోపం వచ్చింది.

"మీ ఆయన అప్పు కట్టలేకపోతే ఏమవుతుంది?" అని అడిగింది.

"ఆయన చూసుకుంటారు."

"చూసుకోలేని పరిస్థితి గురించే అడుగుతున్నాను."

"కంపెనీకి లాభాలున్నాయి కదా. కంపెనీయే కడుతుంది," అన్నాను. ఇది ప్రసాద్ మాట. ఇంట్లో రోజూ విని విని నా మాటయిపోయింది.

మార్గరెట్ ఓపిగ్గా చెప్పింది. ఒక కంపెనీని కొనడానికి ఆ కంపెనీ ఆస్తినే వాడుకోవడం చట్టానికి నచ్చదట. అలా చేస్తే దానికి సరుకు అరువిచ్చినవాళ్లు మునిగిపోతారు. అందుకే ముందు వాటాదారులు ఒప్పుకోవాలి, పేపర్లో ప్రకటన ఇవ్వాలి, ఎవరైనా అభ్యంతరం చెబుతారేమోనని ఆగాలి. "ఇవన్నీ సరిగ్గా జరిగాయనుకుందాం. వ్యాపారం దెబ్బతింటే ఆ యంత్రాలు ఎవరు కొంటారు? అట్టపెట్టెలు చేసే ఇంకొకరు. వాళ్ల వ్యాపారం కూడా అప్పుడు అలాగే ఉంటుంది. కాబట్టి చివరికి మిగిలేది మీ ఇల్లు."

హామీ పత్రం నా ముందుకు జరిపి ఒక పేరా గట్టిగా చదవమంది. చదివాను. ఎక్కడా తడబడలేదు, బడిలో పాఠం చదివినట్టే చదివాను. "నాకంటే బాగా చదివారు," అంది. "ఇప్పుడు దాన్ని మీ భాషలో చెప్పండి."

"మీకు తెలుగు రాదు కదా?"

"నాకోసం కాదు."

నోరు తెరిచాను. తెలుగు మాటలు వెతుక్కున్నాను. చివరికి, "ఆయన కట్టకపోతే... మా ఇల్లు పోతుంది," అన్నాను. ఆ పేరా మళ్లీ చూశాను. "ఇల్లు చాలకపోతే నా దగ్గర ఉన్నదంతా పోతుంది. ఈ అప్పే కాదు, ఆయన ముందు ముందు చేసే అప్పులు కూడా నావే." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇంగ్లీషులో గడగడా చదివిన వాక్యమే అది. ఎమ్మే చదివాను, పిల్లలకు వ్యాకరణం నేర్పాను, ఆ వాక్యం మాత్రం నాకు అప్పుడే అర్థమైంది. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

మార్గరెట్ నా ముఖమే చూస్తోంది. "ఇప్పుడు మీకు తెలిసింది," అంది. హామీకి ఒక హద్దు పెట్టమని బ్యాంకును అడుగుదామని, అందుకు రెండు వారాలు ఆగమని చెప్పింది.

కారులో ప్రసాద్ స్టీరింగ్ మీద చెయ్యేసి అలాగే కూర్చున్నారు. "రెండు వారాలా? శుక్రవారమే సెటిల్‌మెంట్, ఆ రోజు డబ్బు కట్టేయాలి సుగుణా! ఆవిడకి మనవాళ్లంటే లోకువ, చూశావుగా నన్నెలా బయటికి పంపించిందో. సిటీలో ఇంకో లాయరున్నాడు, మన ఫ్రెండ్సందరూ ఆయన దగ్గరికే వెళ్తారు."

"ఏమండీ, ఒకసారి ఆలోచించుకుందామండీ," అన్నాను.

సిటీ లాయరు కాఫీ చల్లారేలోపు పని ముగించాడు. "అర్థమైంది కదా?" అన్నాడు, అవునన్నాను, సంతకం చేశాను. భర్త మీద నమ్మకంతో చేశానని ఏళ్ల తరబడి అందరికీ చెప్పాను. అసలు కారణం అది కాదు. ఆయన్ని బయట కూర్చోబెట్టినందుకు పరిహారంలాగా చేశాను.

రెండేళ్లు గడిచాయి. వడ్డీలు ఎలా పెరిగాయో, ఆ తర్వాత వ్యాపారాలు ఎలా మూతపడ్డాయో ఆ కాలంలో ఇక్కడున్నవాళ్లు మరిచిపోరు. మా పెట్టెలు కొనే ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. బ్యాంకు యంత్రాలను వేలం వేస్తే మార్గరెట్ చెప్పినట్టే జరిగింది. ఆ రంగంలో కొనగలిగినవాళ్లే లేరు, దాదాపు పాత ఇనుము ధరకు పోయాయి. తర్వాత ఇంటి మీదికి నోటీసు వచ్చింది.

అప్పుడు ప్రసాద్ మరో లాయరును పట్టుకున్నారు. కుర్రవాడు, తెలివైనవాడు. "ఏం సంతకం చేస్తున్నానో నాకు తెలియదు, ఎవరూ వివరించలేదు అని భార్య ప్రమాణం చేస్తే కోర్టు హామీని కొట్టేసే అవకాశం ఉంది," అన్నాడు. నా పేరిట ప్రమాణ పత్రం టైపు చేయించి నా ముందు పెట్టాడు. పక్కనే బైబిలు ఉంది. మా నాన్న పాస్టరు. ఆ నల్లటి అట్ట చూస్తూనే చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అయినా పెన్ను తీసుకుని చదవడం మొదలుపెట్టాను. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రమే వచ్చని, ఇలాంటి పత్రాలు చదివి అర్థం చేసుకోలేనని అందులో రాసి ఉంది. ఆ వాక్యంలోనే గ్యారంటీ అన్న మాటకు ఒక అక్షరం తప్పు పడింది. నా చెయ్యి దానంతటదే వెళ్లి ఆ తప్పు దిద్దింది.

లాయరు చూశాడు. మెత్తగా, "అలాంటివి దిద్దకండి," అని ఆ కాగితం తీసుకుని వేరేది పెట్టాడు. ప్రసాద్ కిటికీ వైపు తిరిగారు. మాలో ఎవరూ నవ్వలేదు. ఒక్కరోజు గడువు అడిగి వచ్చేశాను.

మర్నాడు మార్గరెట్ ఆఫీసుకు వెళ్లాను. మెట్ల కింద చాలాసేపు నిలబడ్డాను. పైకెళ్లి అంతా చెప్పాను, ఆ దిద్దుబాటు సంగతి తప్ప. ఆవిడ నా మీద కోప్పడితే బాగుండునని ఉంది. కోప్పడలేదు.

"ఆ రోజు మీరు ఈ గదిలో అన్న మాట నాతోనే ఉంటుంది. బ్యాంకుకు చెప్పను, ఎవరికీ చెప్పను. చెప్పే హక్కు నాకు లేదు," అంది.

"అంటే నేను ప్రమాణం చేసినా..."

"ఎవరికీ తెలియదు. ఇల్లు నిలబడవచ్చు కూడా. కానీ ఆ కేసు నేను తీసుకోను."

"నా స్థానంలో మీరుంటే ఏం చేసేవారు?"

"నన్నడగకండి. ఆ ఇంట్లో కాపురం ఉండాల్సింది నేను కాదు."

ప్రసాద్‌కు ఆ సాయంత్రమే చెప్పాను, ప్రమాణం చేయనని. ఆయన అరుస్తారనుకున్నాను. ప్లేటు పక్కకు జరిపి లేచి వెళ్లిపోయారు. మార్గరెట్ మాతో బ్యాంకుకు వచ్చింది. వేలం వేయకుండా మా అంతట మేమే ఇల్లు అమ్ముకునేలా గడువు ఇప్పించింది. మిగిలిన బాకీలో కొంత వదిలేసేలా ఒప్పించింది. ఫీజు తీసుకోలేదు.

ఇల్లు ఖాళీ చేసేరోజు సామాను పెట్టెల్లో సర్దుతుంటే ప్రసాద్ ఉన్నట్టుండి, "ఆ రోజు నాక్కూడా వినపడింది," అన్నారు.

"ఏ రోజండీ?"

"ఆవిడ నిన్ను తెలుగులో చెప్పమన్న రోజు. ఆ తలుపు ఉత్త అట్టముక్క. ఆవిడ ఇంగ్లీషు అంతా వింటూనే ఉన్నా, నాకేం అనిపించలేదు. నువ్వు ఇల్లు పోతుంది అన్నావు చూడు... అప్పుడు భయమేసింది సుగుణా. అందుకే నిన్ను వెంటనే ఇంకోచోటికి తీసుకెళ్లిపోయా. రెండోసారి వినడం నా వల్ల కాదనిపించింది."

పెట్టెకు టేపు అంటిస్తూ ఏడ్చారు. అప్పటిదాకా ఆయన్ని మొండిమనిషనే అనుకున్నాను. ఆయనకు అంత భయం వేసిందని తెలియకుండా రెండేళ్లు పక్కనే ఉన్నాను.

మేము వెస్ట్‌మీడ్‌లో అద్దె ఫ్లాట్‌కు మారాం. ఆయన మరొకరి ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేరారు. నన్ను మార్గరెట్ తన ఆఫీసులో పనికి పెట్టుకుంది. ఆవిడ పని మానేసేదాకా అక్కడే ఉన్నాను. ఆ పాత సంగతి ఆవిడ ఒక్కసారి కూడా ఎత్తలేదు. సంతకాలకు వచ్చిన భార్యల దగ్గర నన్ను కూర్చోబెట్టేది. ఆ పత్రంలో ఏముందో మీ భాషలో చెప్పండని నేను తెలుగులో, వచ్చీరాని హిందీలో అడిగేదాన్ని. కొందరు సంతకం చేసేవారు, కొందరు లేచి వెళ్లిపోయేవారు. అందరికీ మార్గరెట్ ఒకేలాగా టీ ఇచ్చేది.

ఆ రోజు స్టేషన్ నుంచి మా అమ్మాయి షారన్ ఇంటికే వెళ్లాను. ఆలస్యమెందుకైందని అడిగితే మార్గరెట్ గురించి చెప్పాల్సి వచ్చింది. షారన్‌కు ఆ కథ తెలుసు. తన చిన్నప్పటి నుంచీ నేను చెప్పిన కథే. నా చెయ్యి పట్టుకుని ఇంగ్లీషులో, నువ్వు అబద్ధం చెప్పలేకపోయావు, అంతే కదమ్మా, అంది. ఆ మాటలో ఎంత గర్వముందో! ఇన్నేళ్లూ ఆ గర్వం నాకు బాగానే ఉండేది.

"చెప్పగలిగేదాన్నే," అన్నాను. "పెన్ను చేతిలోకి తీసుకున్నాను కూడా."

షారన్ నా చెయ్యి వదల్లేదు. నాకు చెవులు వేడెక్కాయి. కుర్చీ దగ్గరకు లాక్కుని, మార్గరెట్‌కు సైతం చెప్పని ఆ ఒక్క అక్షరం సంగతి మొదలుపెట్టాను.