ఐదో చెయ్యి

మా నాయన మిద్దెలు వేసేవాడు. మా ఊరు కప్పగల్లులో ఆయన చెయ్యి పడని మిద్దె లేదని అవ్వ అంటుండేది. అది తల్లి మాట, నేను సగం ఊరు అని సరిపెట్టుకుంటాను. మట్టి మిద్దె అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. దూలాల మీద కట్టెలు పరిచి, ఆకూ అలమూ వేసి, జానెడు మందాన మట్టి తొక్కి, పైన చవుడు పోస్తారు. చవుడు ఒక రకం ఉప్పు మన్ను, వాన నీటిని కిందికి దిగనివ్వదు. ఏటా వానలకు ముందు కొత్త చవుడు పోయకపోతే ఆ ఏడు ఇల్లు కారుతుంది. వెలుతురు కోసం మిద్దె నడుమ ఒక కంత వదులుతారు. దాన్ని గవాచి అంటాం. వానొస్తే దాని మీద బండ మూస్తాం.

బళ్ళారిని మైసూరు రాష్ట్రంలో కలిపిన మరుసటి ఎండాకాలం, ఒక పాత మిద్దె విప్పుతుంటే పుచ్చిన దూలం విరిగి నాయన మట్టితో సహా కింద పడ్డాడు. నడుము కింద ఒళ్ళంతా చచ్చుబడిపోయింది. ఎద్దుల బండి మీద బళ్ళారి ఆసుపత్రికి తీసుకుపోతే దారి కుదుపులకు రెండుసార్లు సొమ్మసిల్లాడు. వెన్నులో నరం తెగింది, ఇంటికి తీసుకుపోయి బాగా చూసుకోండి అన్నాడు డాక్టరు. ఆ మాటకు అర్థం నాకు తెలియలేదు. అవ్వకు తెలిసింది, తిరుగు దారంతా బండి ఎక్కకుండా చక్రం పక్కనే నడిచింది.

ఇంట్లో మేం ముగ్గురమే. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాకు అప్పటికి పందొమ్మిదేళ్ళు. ఎనిమిదో తరగతి గట్టెక్కి, ఊరి బడిలో చిన్నపిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించే పనిలో ఉన్నాను. బడి బోర్డు మీద కన్నడం రాసిన తరవాత నా పని ఉంటుందో ఊడుతుందో ఎవరూ చెప్పలేదు. కాబట్టి ఎవరి కంటా పడకుండా, ఎవరి నోటా నానకుండా ఉండటమే తెలివి అనుకునేదాన్ని. ఆ తెలివి సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను.

వారానికొకసారి బళ్ళారి నుంచి ఒక పెద్దావిడ నడిచి వచ్చేది. తెల్లచీర, నల్లగొడుగు, భుజాన సంచి. ఊరంతా ఆమెను బైబులమ్మ అనేవారు. మాకు మా దేవుళ్ళున్నారు, ఆమె దేవుడితో మాకు పని లేదు. కానీ మంచాన పడ్డ మనిషి దగ్గర కూర్చుని అరగంట మాట్లాడేవాళ్ళు ఆమె తప్ప ఎవరూ మిగల్లేదు. మొదట్లో రోజూ వచ్చిన చుట్టాలు రెండు నెలలకల్లా పండగలకు తప్ప రావడం మానేశారు. అందుకని అవ్వ ఆమెకు పీట వేసి మజ్జిగ ఇచ్చేది.

ఒకరోజు ఆమె ఒక కథ చెప్పింది. ఏసు ఒక ఇంట్లో కూర్చుని మాట్లాడుతున్నాడు. వాకిలి దాటి వీధి దాకా జనం. ఒక పక్షవాతం మనిషిని నలుగురు మోసుకొచ్చారు. అంత వరకు చెప్పిందో లేదో, చేటలో జొన్నలు చెరుగుతున్న అవ్వ చెయ్యి ఆపి అడిగింది.

"ఎప్పుడు పోయినాడంట?"

బైబులమ్మ తెల్లబోయింది. చచ్చిపోలేదవ్వా, బతికే ఉన్నాడు అంది. బతికున్నోన్ని నలుగురెందుకు మోస్తారు అని అవ్వ. అవ్వ అన్నదాంట్లో తప్పేం లేదు. మా దగ్గర నలుగురు మోశారంటే ఇంకో అర్థం లేదు. బైబులమ్మ కూడా తెలుగింట పుట్టిందే, కానీ ఆ కథను అన్నేళ్ళుగా చెప్పీ చెప్పీ ఆ మాట చెడ్డదని మరిచిపోయినట్టుంది. అవ్వ జొన్నల చేట తీసుకుని లోపలికి పోయింది. నాయన మాత్రం, ఆమెదేముందిలేమ్మా, తరవాతేమైందో చెప్పు అన్నాడు.

తరవాత ఆ నలుగురూ మిద్దె ఎక్కి, కప్పు విప్పి, పరుపుతో సహా ఆ మనిషిని కిందికి దించారు. ఏసు వాడి పాపాలు పోయాయన్నాడు, లేచి పరుపెత్తుకుని ఇంటికి పొమ్మన్నాడు. వాడు లేచి, ఎత్తుకుని పోయాడు.

ఈ కథ విన్న ఎవరైనా వాడు లేచాడా అని ఆశ్చర్యపోతారు. మా నాయన మిద్దె దగ్గరే ఆగిపోయాడు. ఎంత మందం మిద్దె అది? మట్టి కింద ఉన్నోళ్ళ నెత్తిన పడలేదా? దూలానికీ దూలానికీ ఎంత సందుంటే మనిషి పరుపుతో సహా దిగుతాడు? చివరికి ఆయన అసలు ప్రశ్న అడిగాడు.

"సరేమ్మా, ఆ మిద్దె మళ్ళ ఎవురు పూడ్సినారు?"

పుస్తకంలో అది లేదప్పా అని ఆమె ఉన్నమాట చెప్పింది. పోతూ పోతూ ఒక చిన్న పుస్తకం నా చేతిలో పెట్టిపోయింది. ఆ వారమంతా సాయంత్రాలు నాయన ఆ కథే చదివించుకున్నాడు. నాకు విసుగు పుట్టి, ఎన్నిసార్లు చదివినా పూడ్చినోళ్ళు రారు నాయనా అన్నాను. ఆయన గవాచి వైపు చూస్తూ అన్నాడు.

"లేచినోడే పూడ్సింటాడు. కాళ్ళొచ్చినోనికి మొదట వేరే పనేముంటాది?"

పడ్డప్పటినుంచి ఆయన నోట కాళ్ళు అనే మాట రావడం అదే మొదలు. ఊరందరి మిద్దెలూ అయ్యాక మా మిద్దె చూసుకోవడం ఆయనకు అలవాటు. ఆ ఏడు మా మిద్దె మీద చవుడు పోయనే లేదు. లేస్తే మొదట మన మిద్దె ఎక్కుతా అని అవ్వతో చెప్పాడు. కొడుకు ముఖంలో ఆశ చూసి అవ్వ భయపడింది. నాకూ భయంగానే ఉండేది, కానీ పగలంతా ఆ ఆశ నన్ను కూడా పట్టుకుని తిరిగేది.

మరుసటి వారం బైబులమ్మ కబురు తెచ్చింది. జబ్బు మనుషుల కోసం ప్రార్థన చేసే బోధకుడొకాయన బళ్ళారి వస్తున్నాడు, ఆదివారం పగలు పందిట్లో కూటం ఉంది, ప్రార్థన అయ్యాక సాయంత్రం రైలుకే పోతాడు. నాయన ఆమె వైపు కాదు, అవ్వ వైపు చూశాడు. బండి మీద పోలేడు, కుదుపుకు ప్రాణం పోతుంది. మంచం మోయాల్సిందే. ఆయనతో కలిసి మిద్దె పని చేసే జతగాళ్ళు నలుగురున్నారు. అడగ్గానే సరే అన్నారు. ఆదివారం పొద్దున్నే తువ్వాళ్ళు భుజాన వేసుకుని వచ్చి మంచం నాలుగు కోళ్ళ దగ్గరా నిలబడ్డారు.

అవ్వ వాకిట్లోకి వచ్చి గడపకు అడ్డంగా చేతులు పెట్టింది.

"నలుగురు ఎత్తేది లేదు. నా కొడుకు బతికుండాడు. ఐదో మనిషి రానీండి."

నాయన నవ్వాడు. నాకు లేని కాళ్ళు మంచానికి నాలుగుండాయి, ఐదోవాడు యాడ పట్టుకుంటాడే అమ్మా అన్నాడు. అవ్వ కదల్లేదు. ఐదో మనిషి కోసం ఇరుగుపొరుగును అడిగితే, కిరస్తానం కూటానికి మేం రామన్నారు. వరసకు చిన్నాయన ఒకాయన ఉన్నాడు, వడ్ల బేరానికి కంప్లికి పోయినవాడు పొద్దుటి బస్సుకు వస్తానని చెప్పిపోయాడు. అతని కోసం కూర్చున్నాం. ఎండ వాకిలి దాటి గడప దాకా వచ్చింది. బస్సు రాలేదు.

అప్పుడు నాయన నావైపు తల తిప్పాడు.

"పాపా, నువ్వొక చెయ్యి ఆనిస్తే ఐదైతాది కదా."

అవ్వ కూడా నన్నే చూసింది. ఆడపిల్ల మోయకూడదని ఆమె అంటుందేమో అని ఎదురుచూశాను. అనలేదు. బళ్ళారి దారి మా బడి ముందునుంచే పోతుంది. ఆదివారం పిల్లలంతా అక్కడే ఆడుకుంటుంటారు, హెడ్మాస్టరు అరుగు మీద పేపరు చదువుతుంటాడు. పంతులమ్మ మంచం పట్టుకుని కిరస్తానం కూటానికి పోతాంది అనే మాట అప్పుడే నా చెవిలో పడింది. ఎవరూ అనకముందే.

నాకు బడి ఉండాది నాయనా అన్నాను.

ఆ రోజు ఆదివారమని అక్కడున్న అందరికీ తెలుసు. నాయన కళ్ళు మూసుకుని, అవునులే, బడి ఉంటాది అన్నాడు. నా అబద్ధానికి ఆయనే కప్పు వేశాడు. అరవై ఏళ్ళుగా ఆ మాట నాకు నిద్రలో కూడా వినిపిస్తూనే ఉంది, అందులో కోపం ఉండి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

చిన్నాయన మధ్యాహ్నం దాటాక వచ్చాడు. బస్సు దారిలో ఆగిపోయిందట. చెప్పులు కూడా విడవకుండా వచ్చి మంచం పట్టెకు చెయ్యి వేశాడు, అప్పుడు అవ్వ పక్కకు జరిగింది. నేను నీళ్ళ చెంబు పట్టుకుని బయలుదేరాను. బడి దాటేదాకా వాళ్ళకు చాలా వెనకబడి, వేరే పని మీద పోతున్నదానిలా నడిచాను. దాటాక పరుగెత్తి వాళ్ళను కలుసుకున్నాను.

బళ్ళారిలో పందిరి చేరేసరికి జనం ఎదురొస్తున్నారు. చాపలు చుట్టేస్తున్న ఒకతను మమ్మల్ని చూసి తల అడ్డంగా ఊపి, "ముగీతప్పా" అన్నాడు. అయిపోయిందని కన్నడంలో. ఆ మాట అర్థం కానివాళ్ళు మాలో ఎవరూ లేరు, అయినా జతగాళ్ళు మంచం భుజాల మీదినుంచి దించలేదు. బోధకుడు స్టేషనుకు పోయాడట. బైబులమ్మ ఎక్కడినుంచో గబగబా వచ్చి, పొద్దుటినుంచి మీకోసం చూశానప్పా అని ఏడ్చింది. మంచం దించమని, దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తనే ప్రార్థన చేసింది. నాయన చేతులు జోడించాడు. పైన పందిరి గుడ్డ గాలికి లేస్తూ పడుతూ ఉంది. విప్పడానికి అక్కడ మిద్దె కూడా లేదు.

ఆ బోధకుడు ఉండి ఉంటే నాయన లేచేవాడా? లేవడనే నా నమ్మకం. తెగిన నరం తెగిందే. కానీ ఆ సంగతి ఆయన తన కళ్ళతో చూసి తెలుసుకుని ఉండాల్సింది. అవకాశం చేతికి రాకుండానే జారిపోయిందన్న దిగులుతో ఆయన వెనక్కి వచ్చాడు. అవ్వ తననే తిట్టుకునేది. ఐదో మనిషి అని మంకుపట్టు పట్టింది నేనే అని తల కొట్టుకునేది. తప్పు సగం నాదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

వానలొచ్చాయి. మిద్దె సరిగ్గా నాయన మంచం మీదే కారింది. మంచం ఎటు జరిపితే అటే చుక్క. జతగాళ్ళు పనుల మీద వేరే ఊళ్ళకు పోయి ఉన్నారు. ఒకరోజు వాన తెరిపిచ్చినప్పుడు నేనే చీర చెంగు దోపుకుని, చవుడు గంపలతో నిచ్చెన ఎక్కాను. ఎవరు చూస్తే చూడనీ అనుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. గవాచి మీది బండ తీస్తే కింద నాయన ముఖం కనిపించింది. ఎడమ పక్క తొక్కు, వాలు వీధి వైపు ఉండాల, గుంటలో నీళ్ళు నిలవనీయొద్దు అని పడుకున్న చోటినుంచే పని చెప్పాడు. అన్ని నెలల తరవాత ఆయన గొంతు మేస్త్రీ గొంతులా వినిపించింది. పని అయిపోయాక బండ మూయబోతుంటే పిలిచాడు.

"పాపా, ఆ కతలో మిద్దె పూడ్సిందెవరో తెలిసింది."

ఎవరు నాయనా అన్నాను.

"వానికొక కూతురుండింటాది."

బండ మూసేసి, మిద్దె మీద తడి చవుట్లో కూర్చుని ఏడ్చాను. నన్ను క్షమించాడో, మరిచిపోయాడో, అసలు తప్పే అనుకోలేదో నాకు ఈనాటికీ తెలియదు. కింద నాయన, ఎండితే రెండో పొర పోయాల అని తనలో తాను చెప్పుకుంటూనే ఉన్నాడు.

రెండో పొర నేను పోయలేదు. వీపు మీది పుండ్లు చీము పట్టి, దసరా రాకముందే ఆయన పోయాడు. ఇల్లు మాత్రం ఆ ఏడు మళ్ళీ కారలేదు.

జతగాళ్ళు నలుగురూ వచ్చారు. వాళ్ళ తువ్వాళ్ళు అవే. చిన్నాయన కూడా వచ్చాడు, ఈసారి అందరికంటే ముందే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. పాడె ఎత్తే వేళకు అలవాటు కొద్దీ తనూ ముందుకొచ్చి వెదురుకు చెయ్యి వేశాడు. అవ్వ అతని చెయ్యి పట్టుకుని మెల్లగా తీసేసింది.

"నలుగురు చాలప్పా."

అంతే అంది. చిన్నాయన పక్కకు జరిగి ముఖం తువ్వాలులో దాచుకున్నాడు. మా వాళ్ళలో ఆడవాళ్ళు వీధి మలుపు దాకానే పోతారు. మలుపు దగ్గర అందరూ ఆగారు, అవ్వ కూడా ఆగింది. నేను ఆగలేదు. ముందుకు పోయి, చిన్నాయన వదిలేసిన చోట వెదురు మీద చెయ్యి వేశాను. వెనకనుంచి ఎవరో వద్దన్నారు, పోనీండి అని అవ్వ గొంతు వినపడింది. శ్మశానం దారి కూడా బడి ముందునుంచే. పిల్లలు పలకలు పట్టుకుని గోడ దగ్గరికి వచ్చి చూశారు. హెడ్మాస్టరు అరుగు మీద లేచి నిలబడ్డాడు. బడి దాటేదాకా నేను చెయ్యి తియ్యలేదు.