ఆవు అండానికి లేని మొదటి జన్యువు

మొన్న మంగళవారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు, మదనపల్లెలో సన్నని తుంపర పడుతుండగా, డిగ్రీ చదివే మా మనవరాలు కంప్యూటరులో ఒక పట్టిక తెరిచి చూపింది. క్షీరదాల అండం చుట్టూ ఉండే పొరను కట్టే ప్రొటీన్ల జన్యువులు నాలుగూ అందులో జంతువుల వారీగా ఉన్నాయి; ఆవు వరుసలో మొదటి జన్యువు ఎదుట ‘పనిచేయదు’ అని ఉంది. ఆమె నిమిషంలో చూపిన ఆ ఒక్క మాట కోసం నేను 2005 వేసవి అంతా పోగొట్టుకున్నాను. ఆనాటి కోపం నేటికీ చల్లారలేదు.

అప్పట్లో కుప్పంలోని ఒక చిన్న ప్రయోగశాలలో పనిచేసేవాణ్ణి. నడుమెత్తు కూడా లేని పొట్టి ఆవు ఒకటి పుంగనూరులో మా చిన్నమ్మకు ఉండేది కనుక, రక్తపు నమూనా కోసం బస్సెక్కాను. ఆవుకూ అండం ఉంటుందనీ, దానికొక పొర ఉంటుందనీ చెబితే ఆమె నమ్మలేదు.

“కోడిగుడ్డుకైతే పెంకుంటాది. ఆవు యాడ గుడ్డు పెట్టిందప్పా? నీకు జీతమిచ్చేది దీనికేనా?” అని గంగడోలు నిమురుతూ నవ్వింది.

ఆ రక్తంలో మొదటి జన్యువు కనిపించింది గానీ, ప్రొటీను పూర్తి కాకముందే ఆపివేసే సంకేతం దాని నడుమ ఉంది. మిగిలిన మూడూ నిక్షేపంగా ఉన్నాయి. మా పై అధికారికి ఇది మింగుడుపడలేదు. ఆయన చదివిన పుస్తకంలో ఉన్నది ఎలుక లెక్క. ఎలుకలో చెడిపోయింది నాలుగవది. ఆవుకూ అలాగే ఉండి తీరాలనీ, నా నమూనాయే కలుషితమైందనీ పట్టుబట్టి మళ్ళీ పంపారు. మళ్ళీ అదే సంకేతం, అదే చోట. మూడవసారి సూదిని చూసి ఆవు గుంజ చుట్టూ బెదురుతూ తిరిగినప్పుడు చిన్నమ్మ నవ్వలేదు.

“దీంట్లో లేంది ఉండాదనేదానికి ఇంకెన్నిసార్లు పొడుస్తావప్పా? మీ సారునే రమ్మను.”

ఆయన రాలేదు. మూడవ ఫలితమూ చూడకుండానే, నివేదికలో ఆవు ఎదుట ఎలుక వరుసను దించి, అక్కడా మూడే ఇక్కడా మూడే, లెక్క సరిపోయింది కదా అన్నారు. తేదీలనూ అంకెలనూ తప్ప మరి దేన్నీ నమ్మని నాకు, సరైన మొత్తం కిందనే అబద్ధాన్ని దాచవచ్చునని ఆనాడు తెలిసింది. ఎంత మొత్తుకున్నా దిద్దలేదు.

ఇప్పుడు ఆ పొట్టి ఆవులను ముద్దుచేసి ఫోటోలు దిగేవారు ఎందరో. మా ఆవూ లేదు, చిన్నమ్మా లేదు. దాంట్లో లేనిదాన్ని ఇప్పటి పట్టికలో లేదనే రాశారని ఆమెకు చూపించే భాగ్యం నాకు లేకపోయింది.

పనిచేసే జన్యువుల్లో చివరికి తేలిన లెక్క ఇది. మనిషికి నాలుగు. ఎలుకకు మూడు: ఒకటవది, రెండవది, మూడవది. ఆవుకు మూడు: రెండవది, మూడవది, నాలుగవది.