గాలి చీర నేసిన కాళ్ళు

నిన్న మా రక్తపరీక్షల ల్యాబ్ ఉన్న భవనంలో లిఫ్టు ఆగిపోయింది. కడప ఎండలో దిగిన రసాయనాల డబ్బాను భుజాన పెట్టుకొని నాలుగు అంతస్తులు ఎక్కాను. మూడో అంతస్తు మలుపు దగ్గర తొడల్లో మంట మొదలైంది. ముందు గోరువెచ్చగా, తరువాత సూదులతో గుచ్చినట్టుగా. గోడకు ఆనుకొని నిలబడితే, పక్కనే ఉండి అడిగినట్టు ఒక గొంతు వినిపించింది. "ఏమప్పా, యాడ మండుతాండాది? చెయ్యి పెట్టి చూపించు."

అది రజియా మేడమ్ గొంతు. కర్నూలులో నేను ఎమ్మెస్సీ జీవరసాయన శాస్త్రం చదివిన కాలేజీలో ఆవిడ మాకు కండరాల పాఠం చెప్పేవారు. మొదటి రోజు గదిలోకి వచ్చి హాజరు కూడా వేయకుండా, "లేయండి. చెవులు పట్టుకోండి" అన్నారు. చిన్న బళ్ళో శిక్షగా తీయించే గుంజీళ్ళు! పందొమ్మిది మందిమి, పీజీ విద్యార్థులం, బెంచీల మధ్య లేచి కూర్చుంటూ ఆయాసపడ్డాం. యాభై దాటిన ఆవిడ కూడా చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి దోపుకొని, తెల్ల క్యాన్వాసు బూట్లతో మాతో పాటే తీశారు.

"మేడమ్, మేమేం తప్పు చేసినాం?" అని వెనక నుంచి ఎవరో మూలిగారు.

"తప్పేం చెయ్యలేదప్పా. కండరం గురించి చెప్పాల. అది నిద్రపోతాంటే దాని గురించి ఎట్ల చెప్పేది?"

ముప్పై అయ్యాక తొడల్లో మండేదేమిటని అడిగారు. నేను అందరికంటే ముందు చెయ్యెత్తి, "లాక్టిక్ ఆమ్లం మేడమ్" అన్నాను.

"ఎవరు చెప్పినారు?"

"పుస్తకంలో ఉంది మేడమ్."

"పుస్తకానికి తొడలుండాయా?"

గదంతా నవ్వింది. ఆ తరువాత ఆవిడ గంటసేపు చెప్పినది నాకు ఇప్పటికీ వరసగా గుర్తుంది. కండరం బిగుసుకున్న ప్రతిసారీ ఏటీపీ అనే అణువు ఖర్చవుతుంది. వేగంగా ఖర్చయినప్పుడు కణంలో ఆమ్లత పెరుగుతుంది, మంటలో దానికీ పాలు ఉంది. మనం దోషిగా నిలబెట్టే లాక్టేటు మాత్రం చెత్త కాదు. రక్తంలోకి జారి గుండెకు చేరుతుంది, గుండె దాన్ని ఇంధనంగా కాల్చుకుంటుంది. నా జీవితంలో ఒక తప్పు సమాధానం అంత ఉపయోగపడటం అదే మొదటిసారి.

ఆవిడది నందికొట్కూరు. నాన్న జట్కా తోలేవారట. ఆవిడ కుర్చీలో కూర్చుని పాఠం చెప్పడం నేను చూడలేదు. మా రికార్డు పుస్తకాల్లో ఎక్కడైనా "సాధారణంగా" అన్న మాట కనిపిస్తే ఎర్ర సిరాతో చుట్టి, "ఎవరికి? ఎప్పుడు?" అని రాసేవారు. నాకు ప్రతిదాన్నీ పట్టికగా గీసుకునే అలవాటు ఉండేది. దాన్ని చూసి ఆవిడ ముచ్చటపడేవారు కానీ నమ్మేవారు కాదు. ఎందుకు నమ్మకూడదో రెండో సంవత్సరంలో తెలిసింది.

మాది ఎమ్మిగనూరు, నేత కుటుంబం. ఇంట్లో గుంట మగ్గం ఉండేది. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు వేలాడేసి, అడుగున ఉన్న చెక్క పలకలను ఒకదాని తరువాత ఒకటి తొక్కుతూ నేసే మగ్గం అది. మా అమ్మ సరోజమ్మ పెళ్ళయినప్పటి నుంచి దాని మీదే ఉంది. నేను ఎమ్మెస్సీలో చేరగానే, "ఇన్నేళ్ళు కూర్చునే ఉన్నావు, ఇంక చాలు" అని పట్టుబట్టి మగ్గం అమ్మించాను. నాన్న బట్టల కొట్లో పనికి కుదిరాడు. గుంట మీద చెక్కలు పరిచి బియ్యం మూటలు పెట్టుకున్నాం. అమ్మకు విశ్రాంతి ఇచ్చానని గర్వంగా తిరిగాను.

ఏడాది తిరిగేసరికి అమ్మకు షుగరు వచ్చింది. మాత్రలు మొదలయ్యాయి, పెరిగాయి. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే పరీక్షలో పది దాటింది. డాక్టరు ఇంకో మూడు నెలలు గడువిచ్చి, అప్పటికీ తగ్గకపోతే ఇన్సులిన్ సూది తప్పదన్నారు. నడవమన్నారు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. పైగా పొద్దున ఎనిమిదింటికే మా వీధి పెనంలా ఉంటుంది. సూది మాట విన్న రోజు నుంచి అమ్మ సరిగా అన్నం తినలేదు. "రోజూ పొడుచుకొని బతకాల్నా నాయనా?" అని మాత్రం అడిగింది.

నేను నాకు తెలిసిన పని చేశాను. అమ్మ దినచర్యను రెండు గడుల పట్టికగా గీసి మేడమ్ బల్ల మీద పెట్టాను. మగ్గం ఉన్నప్పుడు: కూర్చోవడం, ఎనిమిది గంటలు. ఇప్పుడు: కూర్చోవడం, ఎనిమిది గంటలు. "తేడా లేదు మేడమ్. కాబట్టి కదలిక తగ్గడం కారణం కాదు" అని తేల్చాను.

ఆవిడ మొదటి గడి మీద వేలు పెట్టారు.

"మగ్గం మీదున్నప్పుడు మీ అమ్మ కాళ్ళు యాడ ఉండేవి?"

"గుంటలో మేడమ్."

"గుంటలో నిద్రపోతాండేవా?"

"లేదు. పలకలు తొక్కుతా..." పోగు పోగుకూ ఒక తొక్కుడు. ఒక చీరకు ఎన్ని పోగులు, రోజుకు ఎన్ని గజాలు అని మనసులో లెక్క వేస్తూ పోతే అంకె వేలల్లోకి వెళ్ళింది. ఇరవై ఏళ్ళు కళ్ళ ముందు జరిగినదాన్ని నేను నడుము పైనుంచే చూశాను.

"దీన్ని కూర్చోవడం అని రాసినావు" అన్నారు ఆవిడ నెమ్మదిగా. నా ముఖం చూసి వెంటనే అందుకున్నారు. "మగ్గం అమ్మించినందుకే షుగరు వచ్చిందని నెత్తిన వేసుకోవద్దు. మీ అవ్వకూ ఉండె అన్నావు కదా. వచ్చేదానికి శానా కారణాలు. తగ్గించేదానికి ఒక దారి దొరికింది, అది చూడు."

ఆదివారం ఆవిడే బస్సెక్కి మా ఇంటికి వచ్చారు. మూటలు జరిపించి చెక్కలు తీయించారు. మగ్గం కొన్నవాళ్ళు వదిలేసి పోయిన పలకలు గుంటలో దుమ్ము పట్టి అలాగే ఉన్నాయి. పలకల కింద పాత సైకిల్ ట్యూబు కట్టించి, తొక్కితే బరువు తగిలేలా చేశారు. అమ్మను గుంట అంచున కూర్చోబెట్టి, తానూ పక్కన కూర్చొని కాళ్ళు వేలాడేశారు.

"తొక్కు అక్కా."

"నూలు లేదు, అచ్చు లేదు, ఉత్తిగా తొక్కమంటాండారే!" అమ్మ సిగ్గుపడుతూనే తొక్కింది.

"ఇప్పుడు పిక్క మీద చెయ్యి పెట్టు. గట్టిగా అయితాండాదా? ఆ కండకు ఆకలైతాండాది. రక్తంలో చక్కెర ఉండాది, కండ తలుపు మూసుకొని ఉండాది. ఇన్సులిన్ వచ్చి పిలిస్తే తలుపు తీస్తాది. నీ ఇంట్లో ఆ పిలుపు సరిగ్గా వినపడడంల్యా. అయితే కండ పని చేస్తే, ఎవరూ పిలవకుండానే లోపల్నుంచి తలుపు తీసుకుంటాది."

"ఎవరు తీస్తారు?" అమ్మ ఆసక్తిగా వంగింది.

ఆవిడ నా వైపు చూశారు. నేను పేర్లు చెప్పాను. ఏటీపీ తగ్గగానే గుర్తుపట్టే ఏఎమ్‌పీకే. కణం లోపల దాగి ఉండి, కండరం కదలగానే పైపొరకు వచ్చి చక్కెరను లోనికి లాగే గ్లూట్-4. అమ్మ శ్రద్ధగా విని, "ఇంత మంది ఉండారా నా పిక్కలో!" అంది. మేడమ్ పగలబడి నవ్వారు. పోయేముందు మాత్రం ముఖం గట్టిగా పెట్టి చెప్పారు. "మాత్ర ఒకటి కూడా ఆపొద్దు. సూది రావాల్సి వస్తే రానీ, అది శత్రువు కాదు. నువ్వు చెయ్యాల్సింది నువ్వు చెయ్యి."

ఆ రోజు నుంచి మూడు పూటలా తిన్న తరువాత అమ్మ గుంటలోకి కాళ్ళు దించేది. మొదట ఐదు నిమిషాలు, తరువాత పది, నెల దాటాక అరగంట. పక్కింటి ఉసేనమ్మ గుమ్మంలో నిలబడి, "ఏం సరోజక్కా, గాలి చీర నేస్తాండావా?" అని ఎగతాళి చేసేది.

"అవునే. నీకే. అంచు ఏం రంగు వేయమంటావో చెప్పు" అనేది అమ్మ, కాలు ఆపకుండా.

నేను వారం వారం వచ్చి వేలి చివర రక్తం తీసి అంకెలు రాసేవాణ్ణి. మొదటి రెండు వారాలు పెద్దగా కదలలేదు. నేను డీలా పడితే మేడమ్ విసుక్కున్నారు. "తలుపు తీసేది ఆ పూట పనప్పా. లోపల పొయ్యిలు పెరగాలంటే వారాలు పడతాది." నిజమే. రోజూ పని చేసే కండరంలో కొన్ని జన్యువులు మేలుకుంటాయి, శక్తిని తయారు చేసే మైటోకాండ్రియాలు పెరుగుతాయి. ఆ కణం నిన్నటి కణం కాదు. ఐదో వారం నుంచి నా పట్టికలో అంకెలు మెట్లు దిగడం మొదలుపెట్టాయి.

గడువు తీరిన రోజు అమ్మ రక్తాన్ని కర్నూలుకు తెచ్చి పరీక్షకు ఇచ్చాను. మధ్యాహ్నం కాగితం చేతికి వచ్చింది. ఏడుకు లోపు! రెండోసారి చదివాను. ఆ పక్కనే ఉండే, గడువిచ్చిన డాక్టరు చూసి, మాత్రలు కొనసాగించమని, సూది అవసరం లేదని చెప్పారు. నేను రోడ్డు మీద పరిగెత్తి, కాలేజీ మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, రొప్పుతూ మేడమ్ గదిలోకి దూరాను.

ఆవిడ కాగితం చూశారు. కళ్ళు మెరిశాయి. తలెత్తి అడిగారు. "మీ అమ్మకు చెప్పినావా?"

"లేదు మేడమ్. మొదట మీకే."

"నాకేంటికి మొదట? నేనేమన్నా తొక్కినానా?" కాగితం మడిచి నా జేబులో కుక్కారు. "ఫోను కాదు. బస్సెక్కి పో. ఆమె చేతిలో పెట్టి, ఆమె చూసినంక నువ్వు నవ్వు."

ఎమ్మిగనూరు చేరేసరికి సాయంత్రమైంది. అమ్మ గుమ్మంలోనే ఉంది. నా ముఖం చదవబోయింది, నేను తల వంచుకొని కాగితం ఇచ్చాను. వేలితో వెతికి అంకె పట్టుకుంది. "ఇదేనా?" అంది. తలూపాను. తరువాత వంగి, రెండు చేతులతో తన రెండు పిక్కలనూ నిమిరింది, పందెం గెలిచి వచ్చిన ఎద్దులను నిమిరినట్టు. అప్పుడు నవ్వాను.

ఇప్పుడు మా ల్యాబులో రిపోర్టుల కోసం ఎక్కువగా కొడుకులూ కూతుళ్ళూ ముందుకు వస్తారు. పెద్దవాళ్ళు వెనక బెంచీ మీద కూర్చుంటారు. చక్కెర తగ్గిన కాగితం ఉన్న రోజు నేను దాన్ని కిటికీలోంచి ఇవ్వను. మొన్న ఒకతను చెయ్యి చాపి, "ఇటియ్యప్పా, ఆమెకేం తెలుసు, నేను చూస్తా" అన్నాడు. నేను కౌంటరు దాటి బయటకు వచ్చి, బెంచీ దాకా నడిచి, అతని తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చొని, కాగితం ఆమె చేతిలో పెట్టాను.

"తగ్గింది పెద్దమ్మా. తగ్గించింది నువ్వే."