మోటారు ఉయ్యాల, అమ్మ కాలి తాడు

మోటారు ఉయ్యాలని వాపసు పంపడానికి శనివారం దాకే గడువు. అందుకే ఇంటికి రాగానే ఇది రాస్తున్నాను.

నేను ఆఫీసుకి వెళ్తే మా పాపని అమ్మే చూసుకుంటుంది. చీర ఉయ్యాలకి తాడు కట్టి, కాలి బొటనవేలికి తగిలించుకుని ఊపుతూ, చేతులతో మిరపకాయల తొడిమలు తీస్తుంది. ఆమె మోకాలు వాస్తోందని, మీట నొక్కితే దానంతటదే ఊగే ఉయ్యాల తెప్పించాను. పొద్దున పాప అందులో హాయిగా నిద్రపోయింది. నేను గర్వంగా బస్సెక్కాను.

సాయంత్రం వచ్చి చూస్తే మోటారు ఆగి ఉంది. కొత్త ఉయ్యాలకి పాత తాడు, ఆ తాడు చివర అమ్మ కాలు.

"ఏంటమ్మా ఇది? కరెంటు పోయిందా?"

"ఉందే కరెంటు. అది ఊగుతుంటే పిల్ల కదిలిందో లేదో తెలీట్లా. తాడుంటే కాలికి తెలుస్తుంది, లేవకముందే ఊపేస్తా. లేచి ఏడిస్తే ఈ మిరపకాయ చేతుల్తో ఎత్తుకోమంటావా?"

"మరి నీ మోకాలో?"

"దానికేం, అది ఏడవదుగా!"

నవ్వాను గానీ, ఆ మోకాలు పొద్దుటికంటే ఎక్కువ వాచింది. అమ్మ మాట వినాలో, అమ్మ మోకాలి మాట వినాలో తేలడం లేదు. చంటిపిల్లలున్నవాళ్లు శుక్రవారం సాయంత్రంలోపు చెప్పండి, ఉంచనా, పంపేయనా?