ఎడమ చేతి కరచాలనం

మాచర్ల వైపు ఒక హైస్కూల్లో సోషల్ చెబుతూ స్కౌట్ మాస్టరుగా కూడా ఉంటున్నాను. మా స్కూల్లో స్కౌట్ శిక్షణకు వెళ్లొచ్చింది నేనొక్కణ్ణే.

స్కౌట్లు ఎడమ చేత్తో కరచాలనం చేస్తారు. గుండె వైపున్న చెయ్యి కాబట్టి అని పిల్లలకు నేనే చెప్పాను. మా వైపు ఎడమ చేత్తో చిల్లర అందించినా మొహం మాడ్చుకుంటారు. అందుకే మొదట్లో పిల్లలు సిగ్గుపడి నవ్వారు. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు మాత్రం నవ్వకుండా నేర్చుకున్నాడు.

కిందటేడు పిల్లలు స్కౌట్లుగా ప్రతిజ్ఞ చేసే రోజున వాళ్ల మెడలో స్కార్ఫులు వేయడానికి పేరెంట్స్ కమిటీ ఛైర్మన్‌ను పిలిచాం. ఊళ్లో పెద్ద రైతు. ఎడమ చెయ్యి సంగతి ఆయనకు ముందే చెప్పాల్సింది, మరిచిపోయాను. మొదటి స్కార్ఫు ఆ పిల్లవాడికే పడింది. వాడు సెల్యూట్ చేసి ఎడమ చెయ్యి చాచాడు.

"ఏందిరా ఇది? పెద్దోళ్లకి ఎడం చెయ్యిస్తావా? మాష్టారూ, మీరు నేర్పిందిదేనా?" అన్నాడాయన.

అవునంటే సరిపోయేది. అందరి ముందూ ఆయన్ని తప్పుపట్టినట్టవుతుందని జంకాను.

"కొత్తోడండీ, కంగారుపడ్డాడు. కుడి చెయ్యివ్వరా," అన్నాను.

వాడు నా వంక చూసి కుడి చెయ్యి ఇచ్చాడు. వెనక వరస నవ్వింది. మిగతావాళ్లంతా కుడి చేతులే ఇచ్చారు.

ఆ తర్వాతి శనివారం నుంచి వాడు స్కౌట్ డ్రిల్లుకు రావడం మానేశాడు. కొన్ని వారాలు చూసీ చూడనట్టు ఊరుకుని, చివరికి వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ వాకిట్లో మిరపకాయలకు తొడిమలు తీస్తోంది.

"తప్పు నాదేరా. మళ్లీ రా," అన్నాను వాడితో.

"ఆ సంగతి నాకు తెల్సుగా సార్. నవ్వినోళ్లకి చెప్పండి."

"వాడి నోరంతే సారూ, మీరేం అనుకోబాకండి," అంది తల్లి, చెయ్యి ఆపకుండానే.

సోమవారం ప్రేయర్లో మైకు తీసుకుని జరిగింది చెప్పాను. వాడు చేసింది నేను నేర్పిందేననీ, ఆ రోజు అబద్ధమాడింది నేనేననీ. సాయంత్రం ఛైర్మన్ ఇంటికి వెళ్లి అదే చెప్పాను.

"అప్పుడే చెబితే పోయేదిగా మాష్టారూ. నేనేమన్నా కొడతానా?" అని కాఫీ ఇప్పించాడు. నేను జంకింది ఈ మనిషికా!

శనివారం వాడొచ్చాడు. అప్పట్నుంచీ మానలేదు. కొత్తది ఏది నేర్పినా, "ఇది పెద్దోళ్ల ముందు కూడా చెయ్యొచ్చా సార్?" అని అడుగుతాడు. వెటకారమేమీ ఉండదు, తెలుసుకోవడానికే అడుగుతాడు. చెయ్యొచ్చని ప్రతిసారీ చెబుతున్నాను.