మహిపాలన్న ఎక్కించిన వీడియో

మరిపెడల మా మహిపాలన్నది సెల్లు దుకాణం. మెమరీ కార్డు ఇస్తే పాటలు ఎక్కిస్తడు. ఉద్యమం పాటలైతే పైసలు అడగడు. ఎవరికన్న రక్తం కావాల్నంటే మొదలు ఉరికేది గూడ ఆయనే. కాకపోతే కంప్యూటర్ ముంగట కూసున్నడంటే ఇంకో మనిషి.

ఎదురుంగ ఒవైస్ గూడ సెల్లు దుకాణం పెట్టినకాడ మొదలైంది గిదంత. సగం గిరాకీ అటు పోయింది. ఒవైస్ రేటు తక్కువ, నవ్వుకుంట మాట్లాడుతడు. మా అన్న ఆ రెండూ చెయ్యడు. గప్పుడే నెట్ల ఒక పేజీ దొరికింది ఆయనకు. "వాళ్లు పెరుగుతున్నరు, మనల్ని తరుముతరు" అని రోజుకో వీడియో. అన్న పానం కుదుటపడ్డది. తప్పు తనది కాదు, దేశమంత కుట్ర నడుస్తుందని తెలిస్తే ఎవరికైనా హాయిగనే ఉంటది కద.

సకలజనుల సమ్మె అప్పుడు ఒక వీడియో పట్టుకొచ్చిండు. టోపీ పెట్టుకున్న వంటాయన గంజులకు వంగి ఉమ్ముతుండు. కింద "చెల్పూర్ల పెండ్లి" అని రాసుంది. ఆఖరుకు ఒక గొంతు "ఇది అబద్ధమన్నోడు అమ్ముడుపోయినోడే" అంటది. పాటల కోసం వచ్చినోళ్లందరికీ గది ఊరికే ఎక్కించిండు.

వారానికి రోడ్డు మీద వంటావార్పు పెట్టినం. బగారన్నం వండింది ఒవైస్ వాళ్ల నాయిన ఫరీద్ చాచా. ముప్పై ఏండ్ల సంది మా పెండ్లిళ్లకు ఆయనే వండుతడు. ఆరోజు గంజు నిండ అన్నం, ఇస్తరాకు పట్టుకొని ఒక్కడు రాలే. రెండొందల మందికి ఒక్కసారే ఒక్కపొద్దు యాదికొచ్చింది.

చాచా గంటె కింద పెట్టిండు. "రేపటి సంది నన్నెవరు పిలుస్తరు బిడ్డా?" అన్నడు నాతోని.

ఉల్లిగడ్డలు కోస్తున్న లచ్చవ్వ నా ఫోన్ గుంజుకొని వీడియో రెండుసార్లు చూసింది.

"మహిపాలూ, ఇటు రా. గీ తెల్లగ రాలుతున్నదేందిరా?"

"బూడిదవ్వా. చెల్పూర్ల బొగ్గు కరెంటు ఫ్యాక్టరీ ఉందిగద."

"గది కట్టినప్పుడు మూడేండ్లు ఇటుకలు మోసిన. బూడిద పడితే చెవులదాక గుడ్డలు చుట్టుకుంటరా? నోట్లకెల్లి పొగలొస్తయా? గది మంచురా, చెల్పూర్ల యాడ రాలుతది? వాడు ఉమ్ముతలేడు, ఆవిరి ఊది మెతుకు చూస్తుండు. మన ఫరీదు రోజూ చేసే పనే."

అందరు నవ్విండ్రు. అన్న ఇస్తరి పట్టుకొని చాచా దగ్గరికి పోయిండు. కూసునే ముంగట గంజులకు ఒకపారి తొంగి చూసిండు. చాచాకు కనబడ్డది.

"ఏం దొరికింది?"

"ఏం లేదు చాచా."

"అయితే తిను."

మూడుసార్లు పెట్టించుకున్నడు. ఆయన వెనుక అందరు తిన్నరు.

దసరా ఎళ్లినంక గార్ల ఊరి పెండ్లోళ్లు చాచాను వద్దన్నరు. వాళ్ల ఫోన్ల అదే వీడియో, కింద ఇప్పుడు "మరిపెడ వంటావార్పు" అని ఉంది. మహిపాలన్న బండేసుకొని గార్ల పోయి, గది మంచు అని గంటసేపు చెప్పిండు. పెండ్లికొడుకు వాళ్ల బాపు అంత విని, "నిన్నెంతకు కొన్నరు తమ్మీ?" అన్నడు.

గా మాట గూడ మా అన్న ఎక్కించిన వీడియోలదే.