నాలుగు లైన్ల ఫోను

నా చిన్నప్పుడు చేవెళ్లలో మా వీధి మొత్తానికి ఒకటే ఫోను. అది మోగితే పొయ్యి దగ్గరున్నవాళ్లు కూడా ఎవరికొచ్చిందో అని చెవి ఒగ్గేవారు. ఇప్పుడు మొయినాబాదులో మా అమ్మాయి నడిపే రక్తపరీక్షల ల్యాబులో ఫోన్లన్నీ ఒకేసారి మొత్తుకుంటున్నా ఒక్కరూ తల ఎత్తరు. నర్సుగా నిలబడి నిలబడి కాళ్లు అరిగిపోయాక, కూర్చునే పనే కదా అని అక్కడ ఫోన్ల బల్ల దగ్గర చేరాను. చేరాక తెలిసింది, కాళ్లకంటే చెవులు ముందు అలసిపోతాయని.

ఈ మధ్య ఇంకో బరువు నెత్తిన పడింది. నాలుగు లైన్లూ ఒకేచోట పలికే ఫోను కొందాం, వాడేది నువ్వే కాబట్టి నువ్వే ఎంచుకో అంది మా అమ్మాయి. పట్నం నుంచి ఒకాయన మూడు రకాలు తెచ్చి బల్ల మీద పరిచాడు. ఒకటి దానంతటదే మాట్లాడుతుంది, ఆగినవాళ్లకు సంగీతం వినిపిస్తుంది. రెండోది తీగ లేనిది, చేత్తో పట్టుకుని తిరగొచ్చు. మూడోది నల్లగా, మోటుగా ఉంది. ఎవరినైనా హోల్డులో పెడితే దాని దీపం మిణుకుతుంది, అర నిమిషం దాటిందంటే మళ్లీ మనం పలికేదాకా కీక్ కీక్‌మంటుంది. ఆ గోల వద్దనుకుంటే ఆపేసుకోవచ్చని ఆయనే నొచ్చుకుంటూ చెప్పాడు. అప్పుడు నాకు మా మేనత్త గుర్తొచ్చింది.

మా మేనత్త చర్చివాళ్ల ఆడపిల్లల హాస్టలులో గుమస్తా. మా వీధి ఫోను ఆ ఆఫీసులోదే. ఉత్తరాల మీదా, పెళ్లికార్డుల మీదా అందరూ ఆ నంబరే వేసి పక్కన పీపీ అని రాసుకునేవారు. అంటే ఫోను పక్కవాళ్లది, చేస్తే మమ్మల్ని పిలుస్తారు అని. పిలుచుకొచ్చేదాకా అవతలివాళ్లు లైనులోనే ఆగాలి. ఆ ఫోను తుడిచి, దాని మీద అల్లిన గుడ్డ కప్పడం నాకు పెద్ద గొప్ప. మాట్లాడడం అయిపోగానే రిసీవరు దాని చోట పెట్టెయ్యాలి, లేకపోతే ఇంకెవరి ఫోనూ రాదని మేనత్త పదేపదే చెప్పేది. నాకది పది ఆజ్ఞల తర్వాత పదకొండోది.

ఒక వేసవి మధ్యాహ్నం మేనత్త వంటవాళ్లకు బియ్యం కొలిచి ఇవ్వడానికి వెళ్లింది. ఆఫీసులో నేనొక్కదాన్నే ఉన్నాను. ఫోను మోగింది. వీధి చివరి ఇంటి అవ్వ అల్లుడు, పట్నం దవాఖాన నుంచి. అవ్వ కూతురిని కాన్పుకు అక్కడ చేర్చి రెండు రోజులైంది. "మా అత్తను పిలువు బిడ్డా, జర జల్ది" అన్నాడు. సరేనని, రిసీవరు జాగ్రత్తగా దాని చోట పెట్టి, గుడ్డ కూడా కప్పి, పొలానికి పరుగెత్తాను.

టమాటా చేలో ఉన్న అవ్వ మట్టిచేతులతోనే నా వెంట పరుగెత్తుకొచ్చింది. గుడ్డ తీసి రిసీవరు చేతికిచ్చాను. అల్లుడా, అల్లుడా అని రెండుసార్లు పిలిచింది. ఉత్త గుయ్యిమనే చప్పుడు. ఆమె నా వైపు తిరిగి అడిగిన మాట నాకిప్పటికీ వినిపిస్తుంది.

"ఎందుకు పలుకుతలేడు బిడ్డా? నా బిడ్డకేమన్న అయ్యిందా?"

అప్పుడే వచ్చిన మేనత్త నా చేతిలోని గుడ్డ చూసింది. ఎవరూ ఏమీ అనకముందే నేను భుజాలు తడుముకున్నాను. దెబ్బ పడుతుందనుకున్నాను. ఆమె మాత్రం, రిసీవరు పెట్టమని చెప్పాను గానీ ఎప్పుడు పెట్టకూడదో చెప్పలేదు, తప్పు నాదే అంది. ఎక్స్ఛేంజికి ఫోను చేసి అడిగింది. ఏ నంబరు నుంచి వచ్చిందో చెప్పలేమన్నారు. అవ్వ బస్సెక్కి పోదామంటే, ఈలోగా ఫోనొస్తే ఎట్లా? అల్లుడు మళ్లీ చేసేదాకా ఎదురుచూడడం తప్ప దారి లేదు.

అవ్వ గోడకు ఆనుకుని కింద కూర్చుంది. మేనత్త తన రాతపని చేసుకుంటూనే కాసేపటికోసారి లేచి, ఆమె దగ్గరికి వెళ్లి ఒకే మాట చెప్పేది. "ఇంకా రాలేదవ్వా, నేను చూస్తున్న." మళ్లీ వచ్చి కూర్చునేది. నాలుగైదుసార్లయ్యాక నాకు విసుగేసింది. ఫోను ఎదురుగానే ఉంది, మోగలేదని ఆమెకు తెలియదా అని మెల్లిగా అడిగాను.

"ఆమెకు తెల్వదని చెప్తలేను బిడ్డా" అంది మేనత్త. "ఆమె ఈడ కూసున్నదని నాకు యాదికున్నదని చెప్తున్న."

పిల్లలకు గంట కొట్టే వేళకు మేనత్త వెళుతూ, ఇక నువ్వు చెప్పు అంది. నేను అవ్వ దగ్గరికి వెళ్లి ఆ మాటే అన్నాను. అంటుంటే ఏడుపొచ్చింది. ఫోను పెట్టేసింది నేనేనని చెప్పేశాను. ఆమె కొంగుతో నా ముఖం తుడిచి, "చిన్నపోరివి, నీకేమెర్క. నువ్వు గిట్ల వచ్చి చెప్తుంటే నాకు జర పానం నిమ్మళంగున్నది" అంది. నన్ను ఓదార్చే ఓపిక ఆమెకు ఆ సమయంలో ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు.

పొద్దు వాలుతుండగా ఫోను మోగింది. ఆడపిల్ల పుట్టింది. తల్లికి చాలా రక్తం పోయింది గానీ గండం గడిచింది. అవ్వ విని, రిసీవరు నా చేతిలోనే పెట్టింది. నేను దాన్ని చెవికి ఆనించుకుని, అవతల ఎవరూ లేరని రెండుసార్లు విని గానీ దాని చోట పెట్టలేదు.

ఆ తర్వాత దవాఖానల్లో ఎందరినో ఆగమన్నాను. అందరి దగ్గరికీ తిరిగి వెళ్లానని చెప్పను. డ్యూటీ బరువులో, విసుగులో ఎంతమందిని బల్లల మీద అలాగే మరిచిపోయానో. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

అందుకే ఆ మోటు ఫోనే కొనిపించాను. దాని గోలకు తలనొప్పి వస్తోందనీ, ఆపేద్దామనీ ల్యాబులో అమ్మాయిలు రోజూ పోరుతారు. నాకూ వస్తుంది తలనొప్పి. నిన్న సాయంత్రం ఇంటికి పోయి నడుం వాల్చాలని ఉన్న వేళ, అది మళ్లీ కీక్‌మంది. శంకర్‌పల్లి నుంచి ఎవరో తల్లి, కొడుకు రిపోర్టు కోసం ఆగి ఉంది. బటను నొక్కాను.

"ఇంకా రాలేదమ్మా, నేను చూస్తున్న."

"ఉన్నరా మేడం?" అందామె. "పోయిన్రేమో అనుకున్న."

"ఉన్న బిడ్డా" అన్నాను.